పని తెలుసు, చేతులే ఆడవు: జడ్చర్ల దారిలో ఒక మాత్రల యూనిట్ కేస్ స్టడీ

"మా ఆపరేటర్లకు పని మీద ఇంట్రెస్ట్ లేదు. ఏదైనా ఎంగేజ్‌మెంట్ ప్రోగ్రాం చేయండి." హెచ్ఆర్ విభాగం నుంచి నాకు వచ్చిన మెయిల్‌లో ఉన్నది ఇంతే. జడ్చర్ల, షాద్‌నగర్ మధ్య 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గర్లో ఉన్న మందుల యూనిట్ అది. మాత్రలు చేస్తారు. పేరు రాయను, ఒప్పందం ప్రకారం రాయకూడదు కూడా. మనుషుల ఆనవాళ్ళు కొన్ని మార్చాను. నేను పారిశ్రామిక మనస్తత్వశాస్త్రం చదివి, ఫ్యాక్టరీలకూ ఆసుపత్రులకూ సిబ్బంది వ్యవహారాల్లో సలహాలు ఇస్తుంటాను. ఇలాంటి మెయిల్ కొత్తేమీ కాదు. ఇంట్రెస్ట్ లేదన్న మాట వెనక ఏముందో ఇక్కడ కాస్త స్పష్టంగా దొరికింది, అందుకే ఈ కేసు రాస్తున్నాను.

కంపెనీ చెప్పిన లక్షణాలు

ఫిర్యాదంతా కంప్రెషన్ విభాగం మీద. పొడిని నొక్కి మాత్రగా మార్చే చోటది. పాత మెషిన్లు తీసేసి, టచ్‌స్క్రీన్ ఉన్న కొత్త రోటరీ మెషిన్లు పెట్టి ఏడాది దాటింది. అయినా మెషిన్ ఆగిన ప్రతిసారీ ఆపరేటర్ చేతులు కట్టుకుని సూపర్‌వైజర్ కోసం చూస్తున్నాడు. షిఫ్ట్ మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు. సూచనల పెట్టెలో కాగితం పడదు. లైన్ ఇన్‌ఛార్జిగా ప్రమోషన్ ఇస్తామంటే ఇద్దరు వద్దన్నారు. ఆడిట్ ఉందంటే ఆ వారం సెలవు చీటీలు ఎక్కువ వస్తాయి. మేనేజ్‌మెంట్ దీనంతటికీ పెట్టుకున్న పేరు బద్ధకం. పవర్‌పాయింట్‌లో మాత్రం డిస్‌ఎంగేజ్‌మెంట్ అని, అంటే పనిలో మనసు పెట్టకపోవడం అని రాస్తారు.

వాళ్ళేమీ చేయలేదని కాదు. పుట్టినరోజులకు కేకులు కోయించారు, బతుకమ్మ ఆడించారు, క్రికెట్ టోర్నమెంట్ పెట్టారు. ఈ బద్ధకస్తులే ఆ టోర్నమెంట్‌లో ఎండను లెక్కచేయకుండా పొద్దస్తమానం ఆడారట. ఈ సంగతి చెబుతూ ప్రొడక్షన్ మేనేజర్ నవ్వాడు. నాకు మాత్రం మొదటి ఆధారం అక్కడే దొరికింది. ఒంట్లో చురుకు లేని మనుషులు కారు వీళ్ళు. మెషిన్ ముందుకు వచ్చాకే ఏదో అడ్డం పడుతోంది.

మెషిన్ దగ్గర

గౌను, టోపీ, మాస్కు తొడుక్కుని మొదటి షిఫ్టులో ఒక క్యూబికల్‌లో నిలబడ్డాను. ఆపరేటర్ కల్వకుర్తి వైపు నుంచి వచ్చే డిప్లొమా అబ్బాయి. మెషిన్ ఆగింది. స్క్రీన్ మీద ఎర్ర పట్టీ వచ్చింది. మాత్రను నొక్కే బలం హద్దు కంటే తగ్గిందని అందులో ఇంగ్లిష్‌లో రాసి ఉంది. అబ్బాయి అది చదివాడు, పెదాలు కదిలాయి. అద్దంలోంచి కారిడార్ వైపు చూశాడు. సూపర్‌వైజర్ ఇంకో క్యూబికల్‌లో ఉన్నాడు. అబ్బాయి బట్ట తీసుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న మెషిన్ తలుపును మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

"ఏమైంది తమ్మీ?" అన్నాను.

"పౌడర్ సరిగ దిగుతలేదు సార్. బరువు తగ్గుతున్నది."

"అయితే ఏం చేయాలి?"

"ఫీడర్ స్పీడు చూడాలె. దానితోని కాకుంటే ఫిల్ డెప్త్ జర పెంచాలె."

ఫీడర్ అంటే పొడిని అచ్చుల్లోకి పంపేది, ఫిల్ డెప్త్ అంటే అచ్చులో పొడి నిండే లోతు. తప్పు పట్టడానికి ఏమీ లేని జవాబు. "మరి నువ్వే చేయొచ్చు కదా?"

"నాతోని కాదు సార్. ఏమన్న అయితే నా లాగిన్ మీద పడ్తది."

కొంతసేపటికి సూపర్‌వైజర్ వచ్చి, ఆ అబ్బాయి చెప్పిన పనే చేసి, "ఇంత చిన్నదానికి కూడా నేనే రావాలా?" అని వెళ్ళిపోయాడు. సూపర్‌వైజర్ కళ్ళకు కనిపించింది పట్టింపు లేని ఆపరేటర్. నాకు కనిపించిన అబ్బాయికి జవాబు తెలుసు, వేలు మాత్రం స్క్రీన్ దాకా పోదు.

ఈ లాగిన్ సంగతి మందుల పరిశ్రమ బయటివాళ్ళకు కొంచెం చెప్పాలి. అమెరికాకు మందులు పంపే యూనిట్లలో కంప్యూటర్ మీద నడిచే పరికరాలకు ఆడిట్ ట్రెయిల్ ఉండాలి. ఎవరు, ఏ నిమిషంలో, ఏ విలువను ఎంత నుంచి ఎంతకు మార్చారో చెరగకుండా నమోదయ్యే చిట్టా అది. 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే ఆ నిబంధన 1997లో వచ్చింది. మందు మింగే మనిషి వైపు నుంచి చూస్తే చాలా మంచి నిబంధన, దాన్ని నేను తప్పు పట్టను. కానీ పాత మెషిన్ మీద చక్రం అర మలుపు తిప్పి, నాలుగు మాత్రలు తూచి, మళ్ళీ నడిపించిన చేతికి ఇప్పుడు ప్రతి మలుపూ పేరుతో సహా రికార్డవుతుందని తెలిసింది. ఆ రికార్డును ఎవరు చూస్తారో, చూసి ఏం చేస్తారో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు.

దీనికి తోడు డీవియేషన్ ఫైల్ ఒకటి. ఏదైనా తేడా జరిగితే కారణం వెతికి రాసే ఫైల్. తిరగేస్తే మళ్ళీ మళ్ళీ అదే కారణం: ఆపరేటర్ తప్పిదం. దిద్దుబాటు చర్య కూడా ఒకటే: మళ్ళీ శిక్షణ. మళ్ళీ శిక్షణ అంటే ఎస్‌ఓపీ, అంటే పని ఎలా చేయాలో రాసిన పత్రం, ఇంకోసారి చదివి, అర్థమైందని సంతకం పెట్టడం. ఆ ఫైల్ ఒక్కటే చదివినవాళ్ళకు, ఆ ఫ్యాక్టరీలో మెషిన్లూ పొడులూ పద్ధతులూ ఎన్నడూ తప్పు చేయవనీ, చేసేది మనుషులేననీ అనిపిస్తుంది. కింద సంతకం పెట్టిన మనిషికీ అలాగే అనిపిస్తుంది మరి.

ఈ పిల్లలు ఎక్కడివాళ్ళు

విభాగంలో చాలామంది పాలమూరు పల్లెల నుంచి షిఫ్ట్ బస్సుల్లో వచ్చేవాళ్ళే. మిడ్జిల్, బాలానగర్, దేవరకద్ర, కల్వకుర్తి. తల్లిదండ్రుల తరం బొంబాయికీ పుణెకూ వలసపోయి మట్టి పనులు, రోడ్డు పనులు చేసింది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ ఉండేదని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఇళ్ళలో నెల జీతం, పీఎఫ్, ఐడీ కార్డు ఉన్న ఉద్యోగం చాలామందికి ఇదే మొదటిది. ఇద్దరు ముగ్గురు ఊళ్ళో పెళ్ళికి కూడా కంపెనీ ట్యాగ్ మెడలో వేసుకుని పోతామని సిగ్గుపడుతూ ఒప్పుకున్నారు.

ఇలాంటి ఉద్యోగం పోతుందేమోనన్న భయం వేరే ఉద్యోగాల భయం లాంటిది కాదు. మేనమామ వరసయ్యే వేరే కంపెనీ ఉద్యోగి ఎవరూ ఉండడు, ఫోన్ చేసి "ఇట్లయితే మీ దగ్గర ఏం చేస్తరు మామా?" అని అడగడానికి. హైదరాబాద్‌లో ఇంజినీర్ల కుటుంబంలో పెరిగిన ట్రైనీకి ఊరికే దొరికే ధైర్యం వీళ్ళు పని చేస్తూ చేస్తూ కూడబెట్టుకోవాలి. కూడబెట్టుకోవడానికి ముందు చేయనివ్వాలి కదా.

ఎలా కొలిచాను

కంపెనీ ఏటా ఫోన్లో ఒక సర్వే పంపుతుంది. ఇంగ్లిష్‌లో ఉంటుంది, లింకులో ఎంప్లాయీ కోడ్ కనిపిస్తుంది. అందరూ అన్నిటికీ మంచి మార్కులే వేస్తారు. దాన్ని పక్కన పెట్టాను.

ఎంగేజ్‌మెంట్‌కు ఉట్రెక్ట్ ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నల రూపం వాడాను. నెదర్లాండ్స్‌లో విల్మార్ షౌఫెలి, ఆర్నాల్డ్ బక్కర్ బృందం తయారుచేసింది అది. ఉత్సాహం, అంకితభావం, పనిలో లీనం కావడం అనే మూడు కోణాలను సున్నా నుంచి ఆరు దాకా అడుగుతుంది. ప్రశ్నలను ఇక్కడి మాటల్లోకి మార్చి, మొదట క్యాంటీన్ సిబ్బంది దగ్గర చదివి చూసి సరిచేసుకున్నాను.

నమ్మకాన్ని కొలవడం దగ్గరే అసలు పని ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లో సెల్ఫ్ ఎఫికసీ గురించి, అంటే ఒక పనిని నేను చేయగలనన్న నమ్మకం గురించి, రాసినప్పటి నుంచీ చెబుతూ వచ్చింది ఏమిటంటే, ఈ నమ్మకం పనిని బట్టి మారుతుంది. వేదిక ఎక్కి గంట మాట్లాడగలిగే మనిషి ఈతకు దిగమంటే వణకొచ్చు. "నేను సమర్థుడిని" అన్న మొత్తం భావన అడిగే ప్రశ్నావళులు ఉన్నాయి, పరిశోధనకు పనికొస్తాయి. ఫ్యాక్టరీలో ఏది సరిచేయాలో మాత్రం చెప్పవు. అందుకని బాండూరా సూచించిన పద్ధతిలోనే, కంప్రెషన్ ఆపరేటర్ చేసే పనులన్నీ సులువు నుంచి కష్టం దాకా పేర్చి, ఒక్కోదానికి వందకు ఎంత అని అడిగాను. పదో తరగతి మార్కుల పుణ్యమా అని వందకు ఎంత అంటే ఎవరికీ వివరించనక్కర్లేదు. "చేస్తారా" అని అడగలేదు, "ఇవాళ చేయగలరా" అనే అడిగాను. చేస్తారా అంటే మొహమాటానికి అందరూ చేస్తాం అంటారు. కాగితం మీద పేరు లేదు, కోడ్ లేదు. నింపి, ఖాళీ కార్టన్‌లో వేసేశారు.

స్కోర్లు ఇక్కడ రాయను. షిఫ్టుకు కొద్దిమందే ఉండే విభాగంలో సగటు తీసి దశాంశాలు చూపిస్తే చదివేవాళ్ళను మోసం చేసినట్టే. వాటి తీరు మాత్రం చెప్తాను. మెషిన్ విప్పి కడగడం, పొడిని నొక్కే పంచ్‌లూ, అచ్చులుగా ఉండే డైలూ మార్చడం, మాత్రల బరువూ గట్టిదనమూ చూడటం, వీటికి ధీమాగా మార్కులు వేసుకున్నారు. మందుల ప్రమాణాల గ్రంథమైన ఇండియన్ ఫార్మకోపియాలో 250 మిల్లీగ్రాములు దాటిన మాత్రకు బరువు తేడా హద్దు 5 శాతం, ఇరవై మాత్రలు తూస్తే రెండింటికి మించి ఆ హద్దు దాటకూడదు. ఈ లెక్క నిద్రలో అడిగినా చెప్తారు. స్క్రీన్ మీద విలువ మార్చడం, బ్యాచ్ రికార్డులో జరిగిందేమిటో సొంత ఇంగ్లిష్‌లో రాయడం, ఆడిటర్ అడిగితే జవాబు చెప్పడం అనేసరికి మార్కులు ఒక్కసారిగా పడిపోయాయి. అదే పని రాత్రి షిఫ్టులో, సూపర్‌వైజర్ దగ్గర లేనప్పుడు అని చేరిస్తే ఇంకా పడిపోయాయి.

ఎంగేజ్‌మెంట్‌లో నేను ఎదురుచూడనిది ఒకటి కనిపించింది. పని అంటే గర్వమా అన్న ప్రశ్నలకు మంచి మార్కులే వచ్చాయి. ఉత్సాహం, లీనం కావడం దగ్గరే తగ్గాయి. అంటే ఉద్యోగం మీద ప్రేమ ఉంది, మెషిన్ ముందు గడిపే గంటలు మాత్రం బరువుగా గడుస్తున్నాయి. ఎవరైనా చూస్తారేమో, తప్పు దొరుకుతుందేమో అని సగం మనసు కాపలాకే పోతే పనిలో మునిగేదెప్పుడు?

పరిశోధన ఏం చెబుతోంది, ఎంతవరకు

విలియం కాన్ 1990లో వేసవి శిబిరం ఉద్యోగుల మీదా, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగుల మీదా చేసిన అధ్యయనంలో మనిషి పనిలోకి పూర్తిగా రావడానికి మూడు షరతులు చెప్పాడు: ఆ పనికి అర్థం కనిపించాలి, తనను తాను బయటపెట్టుకున్నా ముప్పు రాదనిపించాలి, అందుకు కావలసిన శక్తి, ధైర్యం తన దగ్గర ఉండాలి. ఈ మూడోదాన్ని మన కంపెనీలు దాదాపు మర్చిపోతాయి. అర్థం గురించి పోస్టర్లు వేస్తారు, ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించరు.

ఆ తర్వాత జాన్తోపూలూ, బక్కర్, వాళ్ళ సహచరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే ఉద్యోగులను సుమారు ఏడాదిన్నర తేడాతో రెండుసార్లు చూశారు. నమ్మకం, ఆశాభావం లాంటి సొంత వనరులున్నవాళ్ళకు తర్వాత ఎంగేజ్‌మెంట్ పెరిగింది. మొదట ఎంగేజ్‌మెంట్ ఉన్నవాళ్ళకు తర్వాత ఆ వనరులు పెరిగాయి. రెండు వైపులా నడిచే దారి అన్నమాట. కాబట్టి ఎక్కడో ఒకచోట పట్టుకుని లాగితే మిగతాది కదులుతుంది. ఆ చక్రం వెనక్కి కూడా తిరుగుతుందని నా అనుభవం. చేయనివ్వరు కాబట్టి నమ్మకం రాదు, నమ్మకం లేదు కాబట్టి ముందుకు రాడు, ముందుకు రాడు కాబట్టి చేయనివ్వరు.

అయితే దీన్ని సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్ళున్నారు, వాళ్ళ మాట నమ్మకండి. స్టాజ్కోవిచ్, లూథన్స్ 1998లో 114 అధ్యయనాలను కలిపి చూస్తే, ఈ నమ్మకానికీ పనితీరుకూ మధ్య సహసంబంధం 0.38 వచ్చింది (ఒకటి అయితే పూర్తి ముడి, సున్నా అయితే ముడి లేనట్టు). మనిషి ప్రవర్తన విషయంలో అది గట్టి అంకే. కానీ వర్గం చేస్తే, పనితీరులో మనుషుల మధ్య ఉండే తేడాలో 14 శాతం దాకానే దీనితో ముడిపడింది. మిగతాదాంట్లో జీతం, మెషిన్, పై అధికారి, నిద్ర, ఇంటి సంగతులు అన్నీ ఉంటాయి. పని సంక్లిష్టమయ్యేకొద్దీ ఆ సంబంధం బలహీనపడుతుందని కూడా వాళ్ళే చూపించారు.

చెవితో మెషిన్ నడిపే మనిషి

ఇందాకటి లెక్కకు లొంగని మనిషి ఒకాయన ఉన్నాడు. విభాగంలో అందరికంటే సీనియర్, అందరూ అన్నా అని పిలుస్తారు. పదో తరగతి దాకా చదివి, హెల్పర్‌గా చేరి, చూసి చూసి నేర్చుకున్నాడు. పాత మెషిన్ శబ్దం విని ఏ పంచ్ అరిగిందో చెప్పేవాడని కుర్రాళ్ళు కథలుగా చెబుతారు. నేనూ ఒకసారి చూశాను. అద్దం తలుపు మీద అరచెయ్యి ఆనించి, తల కొంచెం వంచి, "ఇది ఇంకో గంటల అంటుకుంటది" అన్నాడు. షిఫ్ట్ ముగిసేలోపు మాత్రల మీద గీతలు పడ్డాయి, పంచ్‌కు పొడి అంటుకుంది.

ఆయన కాగితం ఏదో నాకు తెలియదు, పేర్లు లేవు కాబట్టి. మాటల్లో మాత్రం నమ్మకానికి కొదవ లేదు. మరి ఎంగేజ్‌మెంట్? అది మాత్రం లేదు. మీటింగ్‌లో వెనక కూర్చుంటాడు, ప్రమోషన్ వద్దన్న ఇద్దరిలో ఒకడు. గంటకోసారి చేయాల్సిన బరువు పరీక్షను ఒక్కోసారి షిఫ్ట్ చివర్లో ఒకేసారి చూసే ప్రయత్నం చేస్తాడని క్యూఏ వాళ్ళ, అంటే నాణ్యత చూసే విభాగం వాళ్ళ ఫిర్యాదు. మందుల పరిశ్రమలో అది చిన్న తప్పు కాదు. రాయనిది చేయనట్టే అన్నది అక్కడి మొదటి పాఠం.

ఎక్కువ నమ్మకం మనిషిని అజాగ్రత్తగా చేయొచ్చని జెఫ్రీ వాంకూవర్ బృందం 2000 తర్వాతి తొలి ఏళ్ళలో వాదించింది. ఊహించి ఆడే ఒక ఆటలో, తనకు బాగా వచ్చనుకున్నవాళ్ళు తర్వాతి ఆటలో తప్పులు చేశారని చూపించింది. ఈ సీనియర్ అన్న విషయంలో అది కొంతవరకే నిజం. ఆయనతో టీ తాగుతూ మాట్లాడితే వేరే ముడి దొరికింది. "నాకు తెలిసింది ఆడ ఎవ్వరికీ అక్కర లేదు సార్. స్క్రీన్ ఏం చెప్తే అదే. నేను ముందే చెప్పినా, అలారం వచ్చినంక చూద్దాం అంటరు." చేయగలనన్న నమ్మకం ఉంది, ఆ చేయగలగడానికి విలువ లేదు. నమ్మకం ఎంగేజ్‌మెంట్‌గా మారడానికి మధ్యలో ఒక తలుపుంది. ఆయనకు ఆ తలుపు వేసేశారు. కుర్రాళ్ళకేమో ఆ తలుపు దాకా నడిచే ధైర్యమే లేదు. పైనుంచి చూసే మేనేజర్‌కు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, చేతులు కట్టుకున్న మనుషుల్లా. ఈ రెండు రకాలను విడదీయకుండా ఎంగేజ్‌మెంట్ ప్రోగ్రాం పెట్టడం డబ్బు దండగ.

ఏం చేశాం

మోటివేషన్ స్పీకర్‌ను పిలుద్దామని హెచ్ఆర్ అంది. వద్దన్నాను. నమ్మకం వచ్చే దారులు నాలుగని బాండూరా చెబుతాడు: సొంతంగా చేసి గెలవడం, తనలాంటివాడు చేస్తుంటే చూడటం, నమ్మదగ్గ మనిషి నోటి మాట, ఒంట్లో మనసులో ఆ క్షణాన ఉన్న స్థితి. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. స్పీకర్ ఇవ్వగలిగేది మూడోది మాత్రమే, అదీ నమ్మదగ్గ మనిషి అయితే.

మొదటిదానికి మెషిన్ ఖాళీ కావాలి. ప్రొడక్షన్ మేనేజర్‌కు మెషిన్ ఖాళీగా ఉండటమంటే ఒప్పుకోలేని విషయం. చాలా తర్జనభర్జన తర్వాత క్యూఏ విభాగమే దారి చెప్పింది. ఒక మందు బ్యాచ్‌లన్నీ అయిపోయి, ఇంకో మందు మొదలుపెట్టే ముందు మెషిన్‌ను పూర్తిగా విప్పి కడుగుతారు. ఆ కడిగే ముందు కొంత సమయం మెషిన్ ఎలాగూ మురికిగానే ఉంటుంది. అప్పుడు మందు లేని ఉత్త పొడితో నడిపి, ఆ మాత్రలన్నీ లెక్క రాసి పారేయొచ్చు. శిక్షణ కోసం విడిగా లాగిన్ ఇచ్చారు, దాని రికార్డు డీవియేషన్ కింద లెక్కకు రాదని క్యూఏ మేనేజర్ కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే పనిచేసిన కాగితం అదే.

ఆ ఉత్త పొడి మాత్రల మీద కావాలనే తేడాలు తెప్పించాం. ఫీడర్ నెమ్మది చేసి, "ఇప్పుడు చూడు" అనడం. మొదట ఒక్క అలారం, ఒక్క విలువ. అది చేతికి వచ్చాక రెండు తేడాలు కలిపి. కల్వకుర్తి అబ్బాయి మొదటిసారి ఫిల్ డెప్త్ మార్చేటప్పుడు వేలు స్క్రీన్‌కు కాస్త దూరంలో ఆపి మా అందరి మొహాలూ చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. నొక్కాడు. బరువు కొంచెం ఎక్కువే పెరిగింది. మళ్ళీ తగ్గించాడు. అలా కాసేపు పెంచుతూ తగ్గిస్తూ, ఎవరూ అడగకుండానే తూచి రాసుకుంటూ పోయాడు. ఆపమని మేమే అడగాల్సి వచ్చింది.

శిక్షణ ఇచ్చేవాడు ఎవరన్నది రెండో విషయం. మెషిన్ కంపెనీ ఇంజినీర్ వచ్చి చేసి చూపిస్తే, "ఆయనకేం, ఇంజినీరు" అనుకుంటారు. పక్క బస్సులో వచ్చే ఐటీఐ కుర్రాడు చేసి చూపిస్తే, "ఈనితోని అయితే నాతోని కాదా?" అనుకుంటారు. అందుకని ముందుగా ఇద్దరిని బాగా తయారుచేసి, వాళ్ళతోనే మిగతావాళ్ళకు చెప్పించాం. అన్నకు వేరే పాత్ర. శబ్దం, పొడి జారే తీరు, మాత్ర అంచు చూసి ముందే పసిగట్టే విద్య ఆయనది. దాన్ని కుర్రాళ్ళకు చెబుతుంటే ఒక జూనియర్ రాసిపెట్టాడు. ఆ నోట్స్‌ను క్యూఏ పరిశీలించి, అందులో పనికొచ్చినవాటిని షిఫ్ట్ చెక్‌లిస్ట్‌లో చేర్చింది. ఆ చెక్‌లిస్ట్‌లో గంటకోసారి బరువు చూడటం కూడా ఉంది. తన మాటలు ఉన్న కాగితాన్ని ఆయన తప్పించుకుని తిరగడు కదా.

ఇంకో చిన్న పని, తెలుగులో ఒక అలారం పట్టిక. ఏ అలారం ఆపరేటర్ తానే సరిచేయొచ్చు, ఎంత హద్దు దాకా, ఏది వస్తే మెషిన్ ఆపి పిలవాలి. పద్ధతులు స్పష్టమైన, తికమక లేని భాషలో ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన మంచి పద్ధతుల) సూత్రాల్లోనే ఉంది. అయినా తెలుగు కాగితం మెషిన్ పక్కన అంటించడానికి అనుమతులు రావడానికే ఎక్కువ కాలం పట్టింది.

సూపర్‌వైజర్లతో కూర్చున్నది కొద్దిసేపే. "జాగ్రత్త, తప్పు చేయకు" అన్న మాట మానేసి, "నువ్వేం అనుకుంటున్నావు?" అని ముందు అడగమన్నాను. గ్రీస్‌లో ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల సిబ్బందితో రోజూ డైరీ రాయించిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. పై అధికారి బాగా కోచింగ్ ఇచ్చిన రోజున ఉద్యోగి ఎంగేజ్‌మెంట్ ఎక్కువుందనీ, ఆ రోజు దుకాణం రాబడి కూడా పెరిగిందనీ అందులో తేలింది. ఏడాదికోసారి జరిగే అవార్డు ఫంక్షన్ కంటే ఇవాళ్టి షిఫ్టులో అడిగే ఒక్క ప్రశ్న ఎక్కువ పనిచేస్తుందని నేను కూడా అనుకుంటాను. ఒక సూపర్‌వైజర్ వెంటనే పట్టుకున్నాడు. ఇంకొకాయన "నువ్వేం అనుకుంటున్నావు?" అన్న ప్రశ్ననే మందలింపులా అడిగేవాడు.

ఏం మారింది, ఏం మారలేదు

ఆడిట్ ట్రెయిల్ ఇక్కడ మాకే పనికొచ్చింది. అలారం వచ్చిన నిమిషానికీ, ఎవరైనా మొదట స్క్రీన్ తాకిన నిమిషానికీ మధ్య ఎంతసేపో దాంట్లోనే ఉంటుంది. పగటి షిఫ్టుల్లో ఆ వ్యవధి స్పష్టంగా తగ్గింది. ఆ మెరుగుదలంతా మా ఖాతాలో వేసుకోను. అదే కాలంలో ఒక మందు మారింది, కొత్త పొడి బాగా జారేది, అలారాలే తక్కువ వచ్చేవి. రాత్రి షిఫ్టులో మార్పు అంతంతే. మూడు గంటలప్పుడు, కళ్ళు మూతలు పడుతుంటే, ఏ నమ్మకమైనా సగమవుతుంది. దానికి మందు శిక్షణలో లేదు, షిఫ్ట్ రొటేషన్‌లోనూ బస్సు టైమింగుల్లోనూ ఉంది. ఆ సిఫారసు రాసిచ్చాను, ఖర్చు చూసి పక్కన పెట్టారు.

మొదటి నెలల్లో డీవియేషన్ల సంఖ్య పెరిగింది. క్యూఏ హెడ్‌కు టెన్షన్ పట్టుకుంది, మెయిల్ మీద మెయిల్. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో చూసింది ఆయనకు చెప్పాను. బాగా కలిసి పనిచేసే వార్డుల్లో మందుల తప్పులు ఎక్కువ నమోదయ్యాయి. ఆ వార్డుల్లో జనం భయం లేకుండా చెప్పడమే కారణమని ఆమె వివరించింది. మా ఫైల్‌లో కొత్తగా చేరినవాటిలో చాలావరకు ఆపరేటర్ తానే పట్టుకుని, తానే చెప్పిన చిన్న తేడాలు. ఇదివరకైతే అవి బట్ట పెట్టి తుడిచిన తలుపు వెనకే ఉండిపోయేవి. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, "ఆపరేటర్ తప్పిదం" అని రాసే ముందు మెషిన్, పొడి, పద్ధతి మూడూ చూడాలని ఫారంలో ఒక గడి చేర్చాడు.

రెండోసారి అడిగిన ప్రశ్నావళిలో స్క్రీన్ పనుల నమ్మకం బాగా లేచింది, ఉత్సాహం కొంత లేచింది. ఇంగ్లిష్‌లో రాయడం దగ్గర పెద్ద తేడా లేదు. మేము దాని మీద ఏమీ చేయలేదు కాబట్టి అది న్యాయమే. ఒక రకంగా అదే నాకు ధైర్యం ఇచ్చింది కూడా. మమ్మల్ని మెప్పించడానికే మార్కులు వేస్తుంటే అన్నిటికీ పెంచి వేసేవాళ్ళు. అన్న ఇప్పటికీ మీటింగ్‌లో వెనకే కూర్చుంటాడు, కానీ పొడి మారినప్పుడు ఆయన్ను పిలుస్తారు. ప్రమోషన్ మళ్ళీ వద్దన్నాడు. ఇన్‌ఛార్జి అయితే మెషిన్ వదిలి కంప్యూటర్ ముందు కూర్చోవాలి, అది ఆయనకు ఇష్టం లేదు, అంతే. కల్వకుర్తి అబ్బాయి కొద్ది నెలలకే షాద్‌నగర్ వైపు ఇంకో కంపెనీలో ఎక్కువ జీతానికి చేరిపోయాడు. హెచ్ఆర్ మేనేజర్ నా మీద కాస్త అలిగాడు. నమ్మకం పెరిగిన మనిషికి బజారులో తన ధర కూడా తెలుస్తుంది. ఆ లెక్క కూడా ముందే వేసుకోవాలని మొదటి రిపోర్టులోనే రాశాను.

ఇప్పుడు ఇదే పద్ధతి ప్యాకింగ్ విభాగంలోనూ పెట్టమని అడుగుతున్నారు. అక్కడ ఎక్కువమంది ఆడవాళ్ళు, కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నారు. రెండు రోజులు వాళ్ళతో కూర్చున్నాను. చేయగలమా అన్న అనుమానం వాళ్ళలో ఎవరికీ లేదు. కార్టన్ ఎత్తిన చేతికే అందులో ఒక స్ట్రిప్ తక్కువని తెలిసిపోతుంది. వాళ్ళడిగింది వేరు: జీతం ఏ తారీఖుకు పడుతుంది, పీఎఫ్ కట్ అవుతున్నది ఎక్కడ జమ అవుతోంది, రెండో షిఫ్ట్ అయ్యాక బస్సు ఊళ్ళోకి వస్తుందా, రోడ్డు మీదే దింపుతుందా. ఈ ప్రశ్నలన్నిటికీ కాంట్రాక్టర్ నుంచి రాతపూర్వక జవాబు తెప్పించమని హెచ్ఆర్‌కు రాశాను. అది వచ్చాకే ప్యాకింగ్‌లో అడుగు పెడతానన్నాను. ఇంకా రాలేదు.